అత్తగారి గదిలో స్కోరుబోర్డు

కాలనీలో అందరూ ఆమెను జిరాక్స్ అక్క అంటారు. మలుపులో ఆమెకో ఇరుకు కొట్టుంది. మిషన్ మొరాయిస్తే మెకానిక్ కోసం కాచుక్కూర్చోదు. మూత విప్పి, రోలర్లు తుడిచి తానే దారికి తెస్తుంది. మనిషి మాత్రం మహా పిరికి. గ్యాస్ కట్టానో లేదోనని సగం దారిలోంచి వెనక్కొచ్చే రకం.

"నీ నీడ చూసి నువ్వే జడుసుకునేలా ఉన్నావే" అని అత్తగారు ఆటపట్టిస్తుంది.

కాలనీ ఆడవాళ్ళ వాలీబాల్‌లో పాయింట్ల దగ్గర రోజూ రగడే. పలక మీద సుద్దతో రాస్తే ఎవరో చెరిపేశారని ఒకటే గోల. విసుగెత్తి ఒకరోజు ఆమె, "లైట్లతో వెలిగే బోర్డు నేనే చేస్తాను, ఉండండి" అనేసింది. అన్నాక భయపడింది గానీ, నోరు జారాక ఏం లాభం?

ఇంట్లో ఖాళీ బల్ల అత్తగారి మంచం పక్కనే ఉంది. మోకాళ్ళ ఆపరేషనై ఆవిడ ఇంకొకరి ఊతం లేకుండా దిగలేదు. ఆవిడకు కాలక్షేపంగా ఉంటుందని ఆమె అక్కడే పని పెట్టుకుంది. ఎల్ఈడీ పట్టీని ముక్కలు కోసి ఎనిమిది అంకె ఆకారంలో అతికించింది. ఏ ముక్కలు వెలిగితే ఏ అంకె వస్తుందో కాగితం మీద గీసుకుంది. రెండు వైర్లు తారుమారై, మూడు రావలసిన చోట మరేదో వెలిగింది.

"ఇదేం అంకె తల్లీ, కాలు విరిగిన కుర్చీలా ఉంది?" అంది అత్తగారు.

మైదానంలో కరెంటు లేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే అతను పాత ఫోన్ల బ్యాటరీలు కొన్నిచ్చాడు. "పాతవక్కా. చార్జింగ్ పెట్టి అటూ ఇటూ పోకండి" అని మరీ చెప్పాడు. వాటిని ఒక చెక్కకు కట్టి, ఆదివారం పూట ఆ బల్ల మీదే చార్జింగ్ పెట్టింది. పొయ్యి మీది కూర చూసి వద్దామని ఒక్క క్షణం వంటింట్లోకి వెళ్ళింది.

"ఏమేవ్! ఏదో వాసనే. గోళ్ళరంగు ఒలికినట్టు తియ్యగా..." అని అత్తగారు కేకేసింది.

వచ్చి చూసేసరికి ఒక బ్యాటరీ దిండులా ఉబ్బిపోయి ఉంది. దుప్పటి అంచు దానికి జానెడు దూరంలో వేలాడుతోంది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ప్లగ్గు పీకింది. ఉబ్బు ఆగలేదు. సన్నగా బుస మొదలైంది. అత్తగారిని లేపి నడిపించాలంటే ఆ బల్ల పక్కనుంచే వెళ్ళాలి.

"నన్నొదిలి నువ్వు బయటికి పోవే!" అంది అత్తగారు.

"మీరు మాట్లాడకండత్తయ్యా!" పెళ్ళయ్యాక ఆమె అత్తగారి మీద కేకవేయడం అదే మొదలు.

చెక్కను రెండు చేతులా ఎత్తింది. చెక్క ఒకవైపు ఒరిగింది. సెగ ముఖానికి కొడుతోంది. ఇప్పుడు పేలుతుంది, ఇదిగో ఇప్పుడు పేలుతుంది అనుకుంటూనే బాల్కనీలోకి చేరి, మొక్కలు ఎండిపోయిన మట్టితొట్టిలో చెక్కను పడేసి, లోపలికొచ్చి తలుపు మూసింది. గుప్పున మంట లేచి, తెల్లటి పొగ అద్దాన్ని కమ్మేసింది.

ఆమె అక్కడే చతికిలబడింది. కాసేపటికి గదిలోంచి సన్నగా అత్తగారి మాట వినిపించింది. "కూర మాడుతోందే."

సాయంత్రం డ్యూటీ దిగివచ్చిన భర్త, "ఆ దరిద్రాన్ని అవతల పారెయ్" అన్నాడు. ఆమెకూ అదే మంచిదనిపించింది. ఆ గదిలోకి వెళ్తే చాలు, చూపు ఆ బల్ల మీదికే పోయేది. అత్తగారే ఒప్పుకోలేదు.

"నాకూ భయమేసింది, ఇంకా వేస్తోంది. కళ్ళు మూస్తే ఆ బుసే. అయినా చేసిందంతా పారేస్తావా? నా గదిలో మాత్రం వద్దు."

ఈసారి స్కూటర్ల మెకానిక్ దగ్గర కొత్త బ్యాటరీ కొంది. బాల్కనీలో చార్జింగ్ పెట్టి, అది నిండేదాకా పక్కనే స్టూలు వేసుకు కూర్చుంది.

పక్క కాలనీవాళ్ళతో ఆటరోజు బోర్డు వెలగగానే మైదానమంతా ఈలలు. ఆమె మాత్రం బోర్డు వెనకాల నేలమీద కూర్చుని, బ్యాటరీ వేడెక్కుతోందేమోనని అరచెయ్యి దానికి ఆనించి ఉంచింది. ఆట ఎలా సాగిందో ఆమెకు తెలియదు. ఉన్నట్టుండి కేకలు లేస్తే ఉలిక్కిపడి, ఏదో అంటుకుందనే అనుకుంది.

"గెలిచామే!" అంది చక్రాల కుర్చీలోంచి అత్తగారు.

"ఎంతకెంత అత్తయ్యా?"

"చేసిందానివి నువ్వు, నన్నడుగుతావేం? ముందుకొచ్చి చూడు."

"మీరే చెప్పండి" అంది ఆమె, బ్యాటరీ మీంచి చెయ్యి తియ్యకుండా.