మూటలూ శేర్లూ

ధర్మవరంలో నేను పాఠాలు చెప్పే బడికి పోయే దారిలో, వానలకు ముందు, విత్తనం కోసం వేరుశనగ కాయలు తడిపి ఒలుస్తారు. తడిసిన పొట్టు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు షంషాద్ టీచర్ గుర్తొస్తుంది. ఈ పొద్దున కూడా ఆ వాసనకు కాళ్లు ఆగిపోయాయి.

ఆమె మా ఊరి బడిలో లెక్కలు చెప్పేది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఎనిమిదో తరగతిలో పెద్ద సంఖ్యలను పది ఘాతాలతో రాయడం నేర్పి, ఒకరోజు 3 × 10⁵కు 4 × 10³ కలపమంది. మూడూ నాలుగూ ఏడు, ఐదూ మూడూ ఎనిమిది అనుకుని, నేను బోర్డు మీద 7 × 10⁸ అని దర్జాగా రాశాను.

"ఏం పాపా, మూడు మూటల కాయలూ నాలుగు శేర్ల కాయలూ కలిపితే ఏడు మూటలైతాయా? అట్లయితే మీ నాయన ఈ కరువులో మేడ కట్టుకునుంటాడు!"

తరగతి గొల్లుమంది. ఆమె నా చేతికి మళ్లీ సుద్దముక్క ఇచ్చింది. "ముందు రెండూ ఒకే ఘాతంలోకి తెచ్చుకో. 3 × 10⁵ అంటే 300 × 10³. ఇప్పుడు కలుపు. తీసేసేదానికీ ఇదే దారి." 304 × 10³ వచ్చింది, అంటే 3.04 × 10⁵. ఎంత తేలికో అనిపించి నాకే నవ్వొచ్చింది.

ఆ వేసవి తర్వాత నాయన నన్ను బడి మానిపించాడు. వాన పడేలోపు విత్తనం ఒలవాలి, కూలీలు దొరకలేదు. చదువు అంతటితో ఆగిపోతుందని నాకు తెలుసు. కాయలు ఒలుస్తూ లోలోపల ఏడ్చేదాన్ని.

ఒక సాయంత్రం షంషాద్ టీచర్ మా ఇంటికి వచ్చింది. నాయన కంగారుగా కుర్చీ వేశాడు. ఆమె కుర్చీ వదిలేసి అమ్మ పక్కన నేల మీద కూర్చుని, దోసెడు కాయలు ముందుకు లాక్కుంది. చదువు గొప్పదనం గురించి ఒక్క మాటా అనలేదు. మబ్బుల గురించి మాట్లాడుతూ ఒలుస్తూ పోయింది. అలవాటు లేని బొటనవేలు ఎర్రగా కందింది. చివరికి నాయనే నోరు తెరిచాడు.

"పాపను పంపితే ఇంగ చేతులు యాడనుంచి తెచ్చేది మేడమ్?"

"నావి ఉండాయి కదన్నా. పొద్దున పాపను పంపు. బడి ఇడిసినాక నేనొచ్చి ఒలుస్తా."

నాయన తల వంచుకుని ఆమె ముందున్న పొట్టు ఎత్తి తట్టలో పోశాడు. "సరే తల్లీ," అన్నాడు.

విత్తనం అయిపోయేదాకా ఆమె రోజూ వచ్చింది. ఆమె అంటే నాకు ఎంత ప్రేమో ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుదామన్నా ఆమె లేదు.

మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కొద్దిరోజులుగా బడికి రావడం లేదు. వాళ్లది మగ్గం ఇల్లు. ఇంట్లో నేతకు దారం కండెలు చుట్టే మనిషి లేదని కబురొచ్చింది. ఈ సాయంత్రం వెళ్తున్నాను. నాకు కండెలు చుట్టడం రాదు. వాళ్లమ్మ పక్కన కూర్చుని ముందు అది నేర్చుకుంటాను.