కోచ్ అని రాసిర్రమ్మా

మా వాలీబాల్ సార్ పోయారన్న వార్త పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పుడు కోకాపేటలో మా ఆఫీసులో మీటింగులో ఉన్నాను. చూస్తుండగానే వరసగా దండాల బొమ్మలు పడ్డాయి. వాటి కిందే ఎవరో తెల్లాపూర్‌లో ఫ్లాట్ అమ్మకానికుందని పెట్టారు. దానికీ ఒకడు దండం పెట్టాడు. నాకు రోత పుట్టింది.

సార్ మా కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశారు. చేరినప్పుడు అసిస్టెంట్ కోచ్, పోయినప్పుడూ అసిస్టెంట్ కోచే. తెల్లారకముందే వచ్చి గ్రౌండులో రాళ్ళేరేవారు. నెట్ కట్టి, దాని ఎత్తును ఒక వెదురు కర్రతో కొలిచేవారు. ఆ కర్ర మీద గుర్తు మా అమ్మాయిల్లో ఎవరో ఎర్ర గోళ్ళ రంగుతో పెట్టిందే. నిన్న కొలిచిందే కదా సార్ అంటే, "రాత్రి తాడు సాగుతది బిడ్డా. నెట్ అబద్ధమాడితే ఆటంతా అబద్ధమే" అనేవారు.

నన్ను ఆటకు పంపడం లేదని తెలిసి, నార్సింగిలో మా ఇంటికీ అలాగే పొద్దున్నే వచ్చారు. మా నాన్న ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఆడపిల్ల నిక్కరేసుకుని ఆడడమేందని మొండికేశాడు. సార్ ఆట ఊసే ఎత్తలేదు. చాయ్ తాగారు, వానల గురించి మాట్లాడారు, చెప్పులేసుకుంటూ మాత్రం "రేపు ఆరింటికి పంపుండ్రి అన్నా" అన్నారు. నాన్న పంపాడు.

పెద్ద కోచ్ అని ఇంకొకాయన ఉండేవాడు. మెడలో విజిల్, చేతికి బంగారు రంగు గడియారం. ఫోటోల రోజు తప్ప గ్రౌండులో కనబడేవాడు కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకుంటాం గానీ, మా కాలేజీలో అందరిదీ పెద్ద కోచ్ దారే, ఉలిపికట్టె మా సారొక్కరే.

నేను కెప్టెన్‌గా ఉన్న ఏడాది కాలేజీల పోటీలో ఫైనల్‌కు వెళ్ళాం. కప్పు తెస్తే సార్‌ను కోచ్‌ను చేస్తామని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. చెరి రెండు సెట్లు గెలిచి అయిదో సెట్‌లో ఉన్నాం. ఆ సమయంలో పెద్ద కోచ్ బెంచీ వదిలేసి, ముఖ్య అతిథికి శాలువా కప్పడానికి వెళ్ళిపోయాడు. అవతలి జట్టు మా వెనక మూల ఖాళీని కనిపెట్టి బంతులన్నీ అక్కడే వేయసాగింది.

ఆట కాసేపు ఆపించే టైమవుట్ అడిగే హక్కు అసిస్టెంట్ కోచ్‌కు లేదు. కోచ్ జట్టును వదిలి వెళితే, కెప్టెన్ రెఫరీని అడగాలి. అప్పుడే ఆయన స్థానంలోకి అసిస్టెంట్ వస్తాడు. ఆ రూలు మాకు నేర్పింది సారే. బెంచీ చివర టవల్ పిండుతూ నా వైపే చూస్తున్నారు. నేను రెఫరీతో ఒక్క మాట అంటే చాలు. కానీ పరీక్షలకు కావాల్సిన నా హాజరు కాగితం మీద సంతకం పెద్ద కోచ్ పెట్టాలి. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది ఊడనే లేదు.

ఓడిపోయాం. బస్సులో సార్ అందరికీ అరటిపళ్ళు పంచి, నాకూ ఒకటిచ్చి, "తిను. రేపు ఆరింటికి రా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. పెద్ద కోచ్ మీద ఎంత అసహ్యముందో, ఆ రోజు వంగిన నా నడుము మీద అంతకంటే ఎక్కువుంది.

మొన్న కాలేజీలో సంతాప సభ పెట్టారు. గ్రౌండు ఇప్పుడు బస్సుల పార్కింగు, అందుకని సెమినార్ హాల్లో. ఫ్లెక్సీ మీద సార్ ఫోటో ఏదో గ్రూపు ఫోటోలోంచి కత్తిరించింది. భుజం మీద ఎవరివో నాలుగు వేళ్ళు, పక్కన బంగారు గడియారం అంచు అలాగే మిగిలాయి. ఒక మంచి ఫోటో వెతకడానికి కూడా ఎవరికీ తీరిక దొరకలేదు. కింద పేరు కంటే పెద్ద అక్షరాల్లో అసిస్టెంట్ కోచ్. పెద్ద కోచ్ మైకు పట్టుకుని తన గురించే చెప్పుకుని, ఫోన్ రాగానే వెళ్ళిపోయాడు.

సార్ భార్య నా పక్కనే కూర్చుంది. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "నాకు చదువు రాదు బిడ్డా. ఆయన కోచ్ అయిండా లేదా అని ఎప్పుడడిగినా నవ్వుతుండె. గా ఫోటో కింద ఏం రాసిర్రు?"

"కోచ్ అని రాసిర్రమ్మా" అన్నాను.

ఆమె లేచి ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళింది. కాసేపు ఆయన ముఖం చూసింది. తర్వాత భుజం మీదున్న ఆ వేళ్ళను మరకేమో అనుకుని, కొంగుతో తుడుస్తూనే ఉంది.