పసుపు అంటిన తెల్లదారం

2017 ఎండాకాలం. తెలంగాణ వచ్చి మూడేళ్లు కావస్తోంది. అచ్చంపేటలో బస్టాండు దాటాక, రేకుల షెడ్డులో మీ తాతకూ నాకూ ఆటో ఎలక్ట్రికల్ దుకాణం ఉండేది కదా పిల్లలూ, ఇది ఆ రోజుల మాట. మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది, "అవ్వా, నువ్వు నిజంగ కార్లు బాగు చేసినవా, తాత చేస్తుంటే పక్కన కూసున్నవా?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మొదట్లో పక్కన కూర్చున్నదాన్నే. బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటర్లకు రాగితీగ చుట్టడం నా పని. కొన్నేళ్లకు మీ తాత చూపు మసకబారింది. సన్నటి వైర్ల రంగులు ఆయన కంటికి కలిసిపోయేవి. అప్పటి నుంచి చేతులు నావి, మాట ఆయనది. ఆయన స్టూలు మీద కూర్చుని ఇంజన్ చప్పుడు వింటూ చెప్పేవాడు, నేను బండి కింద దూరి చేసేదాన్ని.

జంగయ్యకు ఏడుగురు కూర్చునే పెట్రోలు వ్యాను ఉండేది. మంగళవారం, శుక్రవారం అడవి పక్క పల్లెల నుంచి నలుగురిని డయాలసిస్‌కు మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయేవాడు. ఒకరోజు రేడియేటర్‌లో నీళ్లు ఇంకిపోయి ఇంజన్ పట్టేసింది. హైదరాబాద్‌లో పాత బండ్లు విప్పే చోట అదే రకం ఇంజన్ ఒకటి చూసి తెచ్చుకున్నాడు. ఇంజన్ దించి ఎక్కించడం మెకానిక్ ఖాజా భాయ్ పని, వైర్లు కలపడం నా పని.

ఇక్కడ మీకు రెండు సంగతులు చెప్పాలి. పొగలోని విషాన్ని తగ్గించడానికి సైలెన్సర్ గొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. దానికి ముందు ఒకటి, వెనక ఒకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ముందున్నది పొగను వాసన చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో బండిలోని కంప్యూటర్‌కు చెబుతుంది. వెనకది ఆ డబ్బా సరిగ్గా పని చేస్తోందో లేదో చెబుతుంది. జంగయ్య బండిలో ఈ రెండింటి వైర్లు ఒకే పట్టీ దగ్గరికి వచ్చేవి. వాటిని కలిపే ప్లాస్టిక్ కప్లర్లు రెండూ అచ్చం ఒకే తీరు. దేనికి ఏది పెట్టినా టక్కున కూర్చుంటుంది.

అందుకే మీ తాత నాకు దారం పద్ధతి నేర్పాడు. ఇంజన్ దించే ముందే బండి వైపు కప్లర్లకు దారాలు కట్టాలి. ముందుదానికి పసుపుదారం, వెనకదానికి తెల్లదారం. అలాగే కట్టాను.

గురువారం ఇంజన్ ఎక్కింది. కొత్త ఇంజన్ వస్తే కొత్త బండి వచ్చినట్టే కదా. జంగయ్య భార్య లచ్చమ్మ నిమ్మకాయ, కొబ్బరికాయ, చెంబునిండా పసుపు నీళ్లు పట్టుకొచ్చింది.

"జర ఆగు వదినే, పూజ జేసినంక వైర్లు పెడ్దువు," అని నన్ను జరిపి, ఇంజన్‌కు దండం పెట్టి, చెంబులోని నీళ్లన్నీ చల్లింది.

"నీళ్లు సల్లుతున్నవా, తానం జేపిస్తున్నవా?" అన్నాడు ఖాజా భాయ్.

"నువ్వు బిగించిన ఇంజనాయె. దేవుడు జూడకుంటె నడుస్తదా?" అంది లచ్చమ్మ.

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే నేను చెయ్యి లోపలికి పెట్టాను. పసుపుదారం కనిపించింది, ముందు సెన్సర్‌కు కలిపాను. మిగిలిన కప్లర్ వెనకదానికి. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. మీ తాత చెవిపెట్టి విని, "మంచిగుంది," అన్నాడు.

శనివారం పొద్దున్నే జంగయ్య వచ్చాడు. మీటర్ బోర్డులో ఇంజన్ గుర్తు లైటు వెలుగుతోంది. సైలెన్సర్ నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన.

"నిన్న తొవ్వ పొడుగూత కిటికీలు తెరిసే నడిపిన అక్కా. ఇద్దరు కక్కిండ్రు. బాలమ్మయితే, 'జంగయ్యా, దవాఖానకు తోల్కపోతున్నవా, కాటికి తోల్కపోతున్నవా?' అన్నది. పొల్యూషన్ జూపిస్తె ఫెయిలన్నరు. సోమవారం ఆర్టీవో ఆఫీసుల ఫిట్‌నెస్. గది గాకుంటె మంగళవారం బండి రోడ్డెక్కదు. ఆళ్లు నలుగురు ఎట్ల పోవాలె?"

బాలమ్మ డెబ్బై దాటిన మనిషి. ఒక్క విడత తప్పినా కాళ్లు వాచి, ఊపిరి అందక కూర్చునేది. ఆ నలుగురికీ వేరే బండి లేదు.

పక్క దుకాణం నుంచి స్కానర్ తెప్పించాను. బండి కంప్యూటర్‌కు తగిలిస్తే తప్పు ఎక్కడుందో చూపించే పరికరం అది. కన్వర్టర్ సరిగ్గా పని చేయడం లేదని చూపించింది.

ఖాజా భాయ్ దగ్గర మందు సిద్ధంగా ఉంది. "కన్వర్టర్ కోసి ఖాళీ పైపు పెడ్త. బోర్డుల బల్బు పీకేస్త. ఫికర్ ఖతమ్. అందరు గట్లనే చేస్తున్నరు."

"గట్ల జేస్తె పొగ తగ్గుతదా భాయ్?" అన్నాను.

"లైటైతె కనవడది గదా!"

జంగయ్య నా వైపు చూశాడు. "అక్కా, వైర్లు మల్లోపారి సూస్తవా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. "నా దారం తప్పదు జంగయ్యా," అన్నాను. శనివారమంతా ఫ్యూజులు చూశాను, ఎర్త్ వైరు గీకి బిగించాను, పైపుకు ఎక్కడైనా చిల్లు ఉందేమోనని వెతికాను. నేను పెట్టిన కప్లర్లు మాత్రం ముట్టుకోలేదు. చివరికి, ఆదివారం పది గంటలకు కన్వర్టర్ కోయించుకుంటానని జంగయ్య ఖాజా భాయ్‌తో చెప్పాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, ఇంజన్ వేడెక్కనిచ్చి మళ్లీ స్కానర్ పెట్టాను. తెర మీద అంకెలు మీ తాతకు కనపడవు కాబట్టి చదివి వినిపిస్తున్నాను.

"ముందుది కదులుతలేదు, నిమ్మళంగుంది. వెనకది ఊకె మీదికి కిందికి గంతులేస్తాంది."

మీ తాత తల ఎత్తాడు. "గంతులెయ్యాల్సింది ఏది?"

పెట్రోలు ఎక్కువ తక్కువలు చెప్పేది కాబట్టి గంతులు వేయాల్సింది ముందుది. డబ్బా దాటి వచ్చిన పొగను చూసే వెనకది నిమ్మళంగా ఉండాలి.

ఇంజన్ ఆపి లోపలికి తొంగి చూశాను. పట్టీ దగ్గర రెండు దారాలు. రెండూ పసుపే. ఒకదాని ముడి గోటితో విప్పాను. ముడి లోపల, పసుపు నీళ్లు చేరని చోట, దారం తెల్లగా ఉంది. అది ముందు సెన్సర్‌కు నేను పెట్టిన కప్లర్.

రెండూ మార్చి పెట్టాను. రెండు నిమిషాల పని. స్కానర్‌లో పాత తప్పు చెరిపి, బండిని ఊరి బయటిదాకా తిప్పి తెచ్చాం. లైటు మళ్లీ రాలేదు. పొల్యూషన్ చూసే బండి దగ్గర పాసైన కాగితం చేతికొచ్చింది. ఖాజా భాయ్ కోత మిషన్ పట్టుకుని వచ్చేసరికి జంగయ్య టీ తాగుతున్నాడు.

సంగతి విని లచ్చమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నా పసుపు జెయ్యబట్టే గింత పనైందా వదినే?"

"పసుపు ఏం జేసిందే? రెండో దారం సూడకుండ పెట్టింది నేను. శనివారం నీ మొగడు అడిగినా సూడంది నేను," అన్నాను. జంగయ్య ముందు, ఖాజా భాయ్ ముందు అన్నాను. అనడానికి ముందు కష్టంగా ఉండింది, అన్నాక తేలికైంది.

మీ తాత స్టూలు మీద నుంచి, "దారం కట్టుడు నేర్పిన గని, ముడి నేర్పకపోతి. తప్పుల సగం నాది," అన్నాడు. ఆ రోజు నుంచి ముందుదానికి ఒక ముడి, వెనకదానికి రెండు ముళ్లు. రంగు మారినా, చూపు మసకబారినా వేలికి తగులుతుంది. దాంతో మీ తాతకు మళ్లీ పని దొరికింది. నేను కలిపాక ఆయన లేచి వచ్చి, కళ్లు మూసుకుని, ముళ్లు తడిమి చూసేవాడు. ఆయన పోయేదాకా అలా చూడకుండా ఏ బండీ మా షెడ్డు దాటలేదు.

సోమవారం ఫిట్‌నెస్ అయింది. మంగళవారం పొద్దున వ్యాను మా షెడ్డు ముందు ఆగింది. ముందు సీట్లోంచి బాలమ్మ తల బయటపెట్టి, గాలి రెండుసార్లు పీల్చి చూసింది.

"ఓ పిల్లా, వాసనైతె పోయింది. తప్పు నీదేనని ఒప్పుకున్నవట?"

"ఒప్పుకున్న పెద్దమ్మా."

"మంచిది. గట్లయితె నువ్వు బాగు జేసిన బండి ఎక్కొచ్చు," అని కిటికీ అద్దం పైకెత్తుకుంది.

ఇన్నేళ్ల పనిలో నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే, పిల్లలూ. నాకు బాగా తెలుసు అనుకున్న చోటే రెండోసారి చూడాలని ఆ దారం నేర్పింది. దాన్ని మీ తాత స్క్రూల డబ్బాలో దాచాను. పసుపు ఇప్పుడు వెలిసిపోయింది. ముడి పడిన చోటు ఏదో, వేలితో తడిమితే ఇంకా తెలుస్తుంది.