ఇత్తడి నట్లు

మా బాపు లారీ ఇంజిన్‌కు అన్నీ కుదిరాక మానిఫోల్డ్ ఒక్కటే మిగిలింది. ఇంజిన్‌లోంచి వచ్చే వేడి పొగను సైలెన్సర్‌లోకి పంపే పోత ఇనుప భాగం అది. అంత పాత బండికి ఇంకొకటి దొరకదు. నకిరేకల్ నుంచి హైదరాబాద్ దాకా పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి ఆ సంగతి ఖాయం చేసుకున్నాను. అది పగిలితే బాపు లారీ తుక్కుకే.

తమ్ముడు ముందే చెప్పేశాడు. "ఇదొక్కటి చూస్త అక్కా. నడవకుంటే తుక్కోనికి ఇచ్చేస్త. నాకు ట్రాక్టర్ పెట్టుకోను జాగా కావాలె."

మానిఫోల్డ్‌ను ఇంజిన్‌కున్న మరల కడ్డీలకు, అంటే స్టడ్డులకు, బిగించే నట్ల కోసం హైవే మీది దుకాణానికి వెళితే, దుకాణదారు తళతళలాడే స్టీలువి నా ముందు పోశాడు.

"ఇత్తడివి కావాలె," అన్నాను.

"లారీకా అక్కా, దేవుని అర్రకా?"

"లారీకే. నీ స్టీలు నట్టు వేడికి స్టడ్డును పట్టుకొని కూసుంటది. రేపు ఇప్పబోతే స్టడ్డు ఇరుగుతది. అప్పుడు ఆ ముక్క తీయనీకి నువ్వొస్తవా?"

అతను లోపలికి పోయి దుమ్ము పట్టిన డబ్బా తెచ్చాడు. నాతో వాదించడం కన్నా వెతకడమే సులువనిపించి ఉంటుంది. మందపాటి వాషర్ల కోసం మళ్లీ ఇంకో దుకాణం, ఇంకో వాదన. ఈ వయసులో నోరు అరగదు గానీ కాళ్లు అరుగుతాయి.

మిగతా ఇంజిన్ అంతా మెకానిక్ చేశాడు. ఇది మాత్రం నేనే బిగించాను, బాపు చేస్తుంటే చూసినట్టే. మధ్యలో మొదలుపెట్టి రెండు చివరలకు పోవాలి. చివరి నట్లు మరీ బిగించకూడదు. వేడికి ఇనుము సాగుతుంది. దానికి కదిలే సందు లేకపోతే నట్టు కూర్చునే చివరి చెవి పుటుక్కున విరుగుతుంది.

ఇంజిన్ స్టార్టయింది. ఒక చివర సన్నగా టుస్సు టుస్సుమంది.

"పొగ ఎల్తాంది అక్కా!" అని తమ్ముడు అరిచాడు.

"జర వేడెక్కనీ. అదే ఆగుతది."

పానాకు పైపు తొడిగి ఊగితే తప్ప బిగించినట్టు కాదు మా దగ్గర. నేను వద్దనేలోపే తమ్ముడు ఆ చివరి నట్టు మీద ఊగాడు. కర్రుమంది.

ఇంజిన్ ఆపించి, వేళ్లు కాలుతున్నా ఆ చెవి చుట్టూ తడిమాను. పగులు లేదు. నట్టుకే మరలు అరిగిపోయాయి. ఇత్తడి మెత్తన కాబట్టి అది పోయింది, చెవి మిగిలింది.

"సూసినవా నీ ఇత్తడి! గిందుకేనా దుకాణాలన్ని తిరిగినవ్?"

స్టీలుదైతే ఏమయ్యేదో ఇంకో రోజైతే వాడకట్టంతా వినేలా చెప్పేదాన్ని.

"గా పైపు అవతల పెట్టి జరుగు," అన్నాను.

ఇంజిన్ చల్లారాక ఇంకో నట్టు వేసి, తేలిగ్గా ఆగేంతవరకే తిప్పాను. మళ్లీ స్టార్ట్ చేస్తే మొదట టుస్సుమంది, మేం చాయ్ తాగేలోపు ఆగిపోయింది. తమ్ముడు తల వంచి చాలాసేపు విన్నాడు.

"మరి ట్రాక్టర్ యాడ పెట్టాలె?" అన్నాడు.