ఇంటికి పోనని చెప్పు

ఆ రోజుల్లో మా మెట్‌పల్లిలో వీసా అంటే గల్ఫే. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు, వాట్సాప్ వీడియో కాల్స్ బాగానే నడుస్తున్న కాలమే.) ఏ ఇంట్లో చూసినా దుబాయో మస్కటో వెళ్లిన మనిషి ఒకరుండేవారు, వాళ్లు చెప్పిందే వీసా శాస్త్రం. అందుకని నేను విదేశంలో పైచదువుకు స్టూడెంట్ వీసా దరఖాస్తు పెట్టానంటే మా ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. మా బాపు మస్కట్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. ఎప్పుడో ఆ పని కోసం బొంబాయిలో జరిగిన ఇంటర్వ్యూలో మొదటి దెబ్బకే పాసైన ఘనుడు. అంతకు మించిన పండితుడు నాకెక్కడ దొరుకుతాడు?

శిక్షణ ఫోన్‌లోనే మొదలైంది. డ్యూటీ దిగి, స్నానం చేసి, క్యాంపు గదిలో మంచం మీద కూర్చోగానే బాపు ఆఫీసరైపోయేవాడు. గదిలోని వాళ్లంతా వెనక నుంచి తొంగిచూస్తూ తలా ఒక సలహా పడేసేవారు. నిటారుగా నిలబడాలట. ఎక్కువ మాట్లాడకూడదట. అడగకముందే అరచేతులు చూపించాలట, కాయలు కాసిన చేతులు చూస్తే వాళ్లకు నమ్మకమట. (నా చేతులకు అవ్వ పెట్టిన గోరింటాకు తప్ప ఏమీ లేదు.) నేను పోయేది చదువుకు మహాప్రభో అని మొత్తుకుంటే, చదువు మాత్రం పని కాదా అని కొట్టిపారేశాడు. చివరికి అసలు కిటుకు చెప్పాడు.

"ఇంటికి ఎప్పుడు పోతవని అడుగుతరు. గదే అసలు సవాల్. పోనని చెప్పు బిడ్డా. ఇంటికి పోత అన్నోన్ని ఎవ్వలూ తీస్కోరు."

హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూకు వెళ్తే, అద్దం వెనక కూర్చున్న ఆఫీసరమ్మ నవ్వుముఖంతోనే మాట్లాడింది. కోర్సు గురించి అడిగినవాటికి బాగానే చెప్పాను. చదువు అయ్యాక మీ ఊరికి తిరిగి వెళ్తావా అంది. బాపు చెప్పిన ప్రశ్న అచ్చంగా వచ్చేసరికి నా సంతోషం చూడాలి! వెళ్లనండి, పండుగలకు కూడా సెలవు అడగనండి అని ఇంగ్లిషులో గట్టిగా చెప్పి, ఎందుకైనా మంచిదని అరచేతులు రెండూ అద్దానికి ఆనించాను. ఆమె కాసేపు ఆ గోరింటాకును చూసింది. తిరిగి వెళ్లనంటున్న వాళ్లకు చదువుకునే వీసా ఇవ్వలేమని మెల్లగా చెప్పింది.

బయటికొచ్చి బాపుకు ఫోన్ చేశాను. గది గదంతా ఎదురుచూస్తోంది. జరిగింది చెప్పాను.

"నేను చెప్పిందే చెప్పినవా?" అన్నాడు. అవునన్నాను. వెనక తొంగిచూసే వాళ్లు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు.

"నన్ను అడిగిననాడు నువ్వు మీ అవ్వ కడుపుల ఉన్నవ్ బిడ్డా. పోనని చెప్పిన. చెప్పినట్టే ఉన్న."

వీసా పోయిన బాధ అక్కడికక్కడే చిన్నదైపోయింది. సెలవు మీద వచ్చినప్పుడల్లా చుట్టంలా నాలుగు రోజులుండి వెళ్లిపోయే మనిషి కోసం, నడిరోడ్డు మీద, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఈసారి శిక్షణ ఇవ్వనని బాపు మొండికేశాడు. అదే ప్రశ్న వచ్చింది. తప్పకుండా వస్తానండి, మా ఇంట్లో ఇప్పటికే ఒకరు రాకుండా ఉన్నారు అన్నాను. వీసా ఇచ్చారు. వెళ్లాను, చదువుకున్నాను, అన్న మాట ప్రకారం తిరిగొచ్చి కరీంనగర్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాను. (అంత దూరం పోయి చదివింది ఇందుకా అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు.)

బాపు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి. మేనేజర్‌ను ఒక్క మాట అడిగితే పంపించేస్తాడు. ఆ అడగడమే ఆయనకు చేతకాదు. అందుకని శుక్రవారం శుక్రవారం ఫోన్‌లో నేను శిక్షణ ఇస్తున్నాను. ఇప్పుడు నేనే మేనేజర్‌ని. నిటారుగా నిలబడు, ఎక్కువ మాట్లాడకు, 'సాబ్, నేనిగ ఇంటికి పోత' అను చాలు అని చెప్పాను.

మొన్న మంచం దిగి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టాడు. "సాబ్" అన్నాడు. ఆ పైన మాట రాలేదు. అరచేతులు రెండూ ఫోన్‌కు చూపించాడు.

గోరింటాకు చేతులు అద్దానికి ఆనించి నిలబడ్డ ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకున్నాను.

"మళ్ల మొదటికెల్లి చెప్పు బాపూ," అన్నాను.