గేటమ్మ కోసం నేను పెట్టిన అర్జీ

ఆటలో ఓడిపోయినా నేను ఓడిపోయేదాన్ని కాదు. ఎందుకు ఓడిపోయానో చెప్పి, ఆ చెప్పడంలో గెలిచేదాన్ని. ఇంట్లోవాళ్ళు దీన్ని మొండివాదన అన్నారు. నేను విశ్లేషణ అన్నాను. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి చెప్పి అబ్బిన గుణం అది. ఏం జరిగినా దానికొక కారణం ఉండాలి, ఆ కారణం మాత్రం నేనై ఉండకూడదు.

కర్ణాటకలో మా చిక్కబళ్ళాపుర జిల్లా అయిన కొత్తల్లో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. రైలు టికెట్లకని మా ఆయన పెట్టించాడు. దాదాపు అదే సమయంలో చింతామణిలో మా ఆడబిడ్డ వాళ్ళ బట్టలంగడికి బిల్లులు కొట్టే కంప్యూటర్ వచ్చింది. ఆమె మా ఆయనకు చెల్లెలు. బీకాం చదివింది, అంగడి మొత్తం తానే నడుపుతుంది, నోటికి నాతో సమానం. పెళ్ళయి పిల్లల తల్లయినా ఇంట్లో అందరికీ పాపే. ఆ పాప ఇంటర్నెట్‌లో ఒక కార్డుల ఆట పట్టుకుంది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఊరూ పేరూ తెలియనివాళ్ళతో ఆడి ఆడి, గెలిచినా ఏడిపించడానికి మనిషి దొరక్క, నన్ను లాగింది.

"చదువుకున్నోళ్ళు పేకాట ఆడతాండారే!" అన్నాడు మా ఆయన.

పేకాట కాదది. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ. ఒక మూల దాని ఖరీదు, ఇంకో మూల దాని బలం, కింద అది చేసే పని నాలుగు ముక్కల్లో. వంతు వచ్చినప్పుడల్లా మనకు కొంత శక్తి ఇస్తారు, అది ఖర్చుపెట్టి కార్డు దించాలి. మన కార్డులు వాళ్ళ కోటను కొడతాయి, వాళ్ళవి మన కోటను. ఎవరి కోట ముందు పడితే వాళ్ళు ఓడినట్టు. ఉన్న వందల కార్డుల్లో మనకు కావలసినవి ఏరుకుని కట్ట కట్టుకోవచ్చు. అయితే లోకమంతా ఏరుకునేది ఆ కొన్నే. అగ్గి ఊదేవి, గుర్రాల మీద వచ్చేవి. మిగతావి ఉన్నాయంటే ఉన్నాయి, అంతే.

ఆ మిగతావాటిలో ఒకటి నా కంటబడింది. ఇంగ్లీషులో దాని పేరు కోటవాకిలి కావలి అని అర్థం వచ్చేట్టు ఏదో ఉండేది. నేను గేటమ్మ అన్నాను. బొమ్మలో నడివయసు ఆడమనిషి. నడుముకు తాళాల గుత్తి, మొహంలో "ఏం పని మీద వచ్చినావు?" అనే చూపు. చూడగానే నచ్చింది. ఎందుకు నచ్చిందో మా ఆయన ఒక మాట చెప్పాడు, నేను ఒప్పుకోలేదు. గేటమ్మ చేసే పని ఒకటే: ఆమె నిలబడి ఉన్నంతసేపూ ఆమె పక్కనున్న కార్డును ఎవరూ కొట్టలేరు. మంచి పనే. ఖరీదు మాత్రం ఐదు, బలం రెండు. ఆ ఐదుకు అగ్గి ఊదేదొకటి వచ్చి కోటలో సగం కాల్చేస్తుంది. అందుకే గేటమ్మను కట్టలో పెట్టుకునేవాళ్ళు నేను తప్ప లేరు.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఆట. ఆమె అంగట్లో, నేను ఇంట్లో, మధ్యలో స్పీకర్లో పెట్టిన మొబైల్.

"వదినా, మళ్ళీ ఆ గేటుదాన్ని దించినావా?"

"దించినా. ఏం ఇప్పుడు?"

"ఏం లేదులే. మా అటక మీద గూడా కొన్ని చీరలుండాయి, యాడివో యాడివో రంగులు, ఎవురూ ముట్టరు. పంపిచ్చేదా? నీకు నచ్చుతాయి."

"తప్పు చీరది కాదు పాపా. దానికి ధర పెట్టినోళ్ళది."

పాపతోనూ, తెర మీద దొరికిన పరాయివాళ్ళతోనూ కలిపి పది ఆటల్లో ఎనిమిది ఓడేదాన్ని. ఓడిన ప్రతిసారీ అదే ప్రకటన: "గేటమ్మకు న్యాయమైన ఖరీదు పెట్టమను. అప్పుడు నన్ను గెలువు, చూస్తా." ఈ మాట పాపతో అని ఊరుకోలేదు. మా ఆయనతో అన్నాను, ఆ ఆటే తెలియని బంధువులతో అన్నాను, బాగేపల్లిలో ఒక నామకరణంలో భోజనాల పంక్తిలో కూర్చుని, అడగనివాళ్ళకు కూడా చెప్పాను. డిమాండు లేని సరుకు చెడ్డ సరుకు కాదు, ధర తప్పిన సరుకని. వడ్డించేవాడు చిత్రాన్నం గరిటె పట్టుకుని నేను ముగించేదాకా నిలబడ్డాడు. నేను మంచి ఆటగత్తెననడానికి నా దగ్గరున్న రుజువంతా ఆ ఒక్క మాటే. అది పోతే ఏమీ లేదు.

ఇక్కడొక సంగతి, అప్పట్లో పైకి చెప్పనిది. పరాయివాళ్ళ మీద గెలిచిన ఆ రెండు కూడా గేటమ్మ బలం వల్ల కాదు. ఎవరూ వాడని కార్డును ఎవరూ చదవరు. నేను దించగానే అవతలివాళ్ళు ఇదేంటబ్బా అనుకుని, పక్క కార్డును కొట్టబోయి, కొట్టలేక, ఒక వంతు దండగ చేసుకునేవాళ్ళు. వాళ్ళ సోమరితనాన్ని నా ప్రతిభగా జమకట్టుకునేదాన్ని.

జిల్లా అయినాక మా ఊళ్ళో అందరికీ అర్జీల పూనకం వచ్చింది. డీసీ ఆఫీసు, అంటే కలెక్టరాఫీసు, ఇంటి దగ్గరికి వచ్చేసింది, ఇంక ఊరుకుంటామా? మా వీధి అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. కన్నడలో పైన విషయ, కింద ఉల్లేఖ, అంటే పాత కాగితాల నంబర్లు, దాని కింద మనవి, ఆ కింద వీధంతా సంతకాలు. వీధి దీపం కోసం నేను రాసిన అర్జీ అంత ఘాటైనది తాలూకాలోనే లేదని నా నమ్మకం. దీపం వచ్చింది. సరిగ్గా మా పడగ్గది కిటికీ ముందర పాతారు. ఆ రోజు నుంచి కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటున్నాం.

బుద్ధి రావలసింది. రాలేదు. ఆట తయారుచేసినవాళ్ళకు కూడా అర్జీ పెట్టాను.

ఆటగాళ్ళు మాట్లాడుకోవడానికి ఆ ఆటకొక చర్చావేదిక ఉండేది. పిల్లలంతా అందులో ఒకటిన్నర వాక్యాల్లో తిట్టుకునేవాళ్ళు. వాళ్ళ నడుమ నేను ఇంగ్లీషులో, మా పద్ధతిలోనే, విషయం, ఉల్లేఖం, ఈ కింద సంతకం చేసినవారమైన మేము సవినయంగా విన్నవించుకునేది ఏమనగా అని రాశాను. ధర ఎందుకు తప్పో రెండు పేజీలు. సంతకాలు లేని అర్జీని మా వైపు ఎవరూ చూడరు. అందుకని బాగేపల్లి బస్టాండు దగ్గర సైబర్ సెంటర్ నడిపే మా తమ్ముణ్ణి పట్టుకున్నాను.

"జనాల్ని తీసకరా."

"అక్కా, దాంట్లో సంతకం చెయ్యాలంటే ముందు ఆటలో చేరాల. ఊరికే కుదరదు."

"చేర్చు. మిట్టేమరి చిన్నాయన పిల్లోళ్ళు వారం వారం నీ సెంటర్లోనే కద ఉంటారు?"

చేర్చాడు. వాళ్ళనే కాదు, ఫలితాలు చూసుకోవడానికి వచ్చినవాళ్ళను, ఫారాలు నింపించుకోవడానికి వచ్చినవాళ్ళను కూడా కూర్చోబెట్టి చేర్చాడు. అందరూ పేరు కింద ఊరు, తాలూకా రాశారు, అర్జీ కదా. ఏ దేశంవాడో ఒకడు, తాలూకా అంటే మీ జట్టు పేరా అని అడిగాడు. అవునన్నాను.

కొన్నాళ్ళకు పొద్దున్నే తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా! గేటమ్మ ఐదు నుంచి మూడయింది!"

ఆటవాళ్ళు ఒక ప్రకటన వేశారు. తక్కువగా వాడుతున్న కార్డులు కొన్నింటిని బాగుచేస్తున్నాం, వీటిని అన్నిటికన్నా గొప్పవి చేయడం మా ఉద్దేశం కాదు, కట్టలో పెట్టుకోవడానికి ఒక కారణం ఇవ్వడమే అని. ఆ వరుసలో మా గేటమ్మ. అర్జీ ప్రస్తావన ఎక్కడా లేదు.

"వాళ్ళు ఎంతమంది వాడతాండారో చూసుకోని చేసినారక్కా. నీ అర్జీ చదివుండరు."

"నోరు ముయ్," అన్నాను, ఆప్యాయంగానే.

ఆ రోజు కాలేజీకి మైసూరుపాకు తీసుకుపోయాను. కార్డు ఖరీదు తగ్గిందని చెబితే, కన్నడ చెప్పే ఆవిడ రెండు ముక్కలు తీసుకుని, బీపీఎల్ రేషన్ కార్డుకు ఇంతకుముందు ఖరీదెంతుండేదని అడిగింది. వివరించాను. మూడో ముక్క తీసుకుని వెళ్ళిపోయింది.

నా వైభవం ఒక వారం నడిచింది. ఆ తర్వాత ఎవరితో ఆడినా అవతలివైపు గేటమ్మ. మూడుకు వచ్చే గేటమ్మను ఎవరు వదులుకుంటారు? ఇన్నాళ్ళూ నేను తప్ప ఎవరూ చదవని, గేటమ్మ కింద రాసిన ఆ నాలుగు ముక్కలూ ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చాయి. నేను దించితే ఎవరూ తికమకపడటం లేదు. మిట్టేమరి చిన్నాయన కొడుకు, నేను బలవంతంగా చేర్పించినవాడు, నా గేటమ్మతో నన్నే ఓడించి, "థాంక్స్ అక్కా, మంచి కార్డు చూపిచ్చినావు," అని రాశాడు.

పెళ్ళిళ్ళ బేరాల వల్ల రెండు ఆదివారాలు మా ఆట పడలేదు, ఇదంతా అయ్యేసరికి పాప ఫోను.

"ఏమొదినా, న్యాయం జరిగిందంట? ఈ ఆదివారం ఆడదామా?"

"ఆడదాం."

"గేటమ్మ అగ్గువయింది. ఇంక గెలవాల్సిందే నువ్వు."

ఫోను పెట్టేసి అన్నం వారుస్తుంటే విషయం అర్థమై గంజి చేతిమీద పోసుకున్నాను. గెలిస్తే, "నువ్వు కాదొదినా, కార్డు గెలిచింది" అంటుంది. ఓడితే ఇంక చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇన్నాళ్ళూ నన్ను కాపాడింది గేటమ్మ కాదు, గేటమ్మ తప్పుడు ధర. దాన్ని తీసేయమని నేనే సంతకాలు పోగుచేశాను.

ఆదివారం మా ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. మామూలుగా ఆ వేళకు నిద్రపోతాడు. అవతల స్పీకర్లో పాపతో పాటు అంగట్లో పనిచేసే అమ్మాయిల నవ్వులు. అందరికీ చెప్పిందన్నమాట.

నేనొక పథకం వేసుకున్నాను. గేటమ్మను చేతిలోనే ఉంచుకుని, దించకుండా గెలిస్తే? అప్పుడు కార్డు గెలిచిందని ఎవరంటారు? ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు గొప్ప ఆలోచనలాగే ఉంది.

"చేతిలో గేటమ్మ ఉండాది కద?" అన్నాడు మా ఆయన, చిన్నగా.

"ఉండనీ."

"మూడే కద ఇప్పుడు?"

"నాకు తెలుసు. మీరు చూసేదుంటే చూడండి, లేకపోతే పడుకోండి."

నా కోట పడిపోయింది. గేటమ్మ నా చేతిలో తాళాల గుత్తితో అట్లే నిలబడి ఉంది.

"అయ్యో, గేటమ్మ చేతికి రాలేదా వదినా?" అంది పాప.

నా కట్టలోంచి చేతికి ఏమొచ్చిందో పాపకు కనబడదు. రాలేదు అని ఒక్క మాటంటే చాలు, ఇంకో ఏడాది బతకొచ్చు. మా ఆయన వైపు చూశాను. ఆయన నా నోటివైపే చూస్తున్నాడు.

"వచ్చింది," అన్నాను. "నేనే దించలేదు."

"ఎందుకు?"

మొట్టమొదటిసారి నా దగ్గర విశ్లేషణ లేదు. "తిక్క," అన్నాను.

తెర మీద పాప నుంచి కొత్త ఆటకు పిలుపు వచ్చింది. తర్వాత, "సరే, ఇంగో ఆట. ఈసారి దించు. సరిగ్గా ఆడు," అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. అది ఇంకా బాధ.

ఆడాను. దాచకుండా, దొంగ లెక్కలు వేసుకోకుండా, వచ్చినంత తెలివితో ఆడాను. గేటమ్మ రాగానే దించాను. పక్కన నా పెద్ద కార్డు. ఇంక దాన్ని ఎవరూ ముట్టలేరు. రెండు వంతుల్లో పాప కోట పడాలి. అప్పుడు పాప ఒక గోచీ బొమ్మను దించింది. ఒక్క శక్తి ఖరీదు, బలం సున్నా, భుజాన మూట. ఎప్పుడూ చూడలేదు దాన్ని.

"ఇదేంది పాపా?"

"మూటలు మోసేటోడు. చదువు."

చదివాను. అవతలివాళ్ళ కార్డు ఒకదాన్ని ఒక చోటు పక్కకు జరుపుతుంది. అంతే దాని పని. గేటమ్మ పక్కకు జరిగింది, ఆ చివరికిపోయి ఖాళీ జాగాకు కాపలా కాస్తూ నిలబడింది. నా పెద్ద కార్డు ఒంటరిదైంది. పాప దాన్ని కొట్టింది, ఆ తర్వాత నా కోటను.

"నిన్నమొన్నటిదాకా వీడితో పనిల్యా వదినా," అంది పాప. "అందరూ గేటు పెట్టుకోనేతలికి వీడికి గిరాకీ వచ్చె. నీ గేటమ్మ ధర తగ్గినరోజే కూర్చోని అన్ని కార్డులూ చదివినా, దేనికి బేరమొస్తాదో చూద్దామని."

నేను అదే రోజు మైసూరుపాకు పంచుతూ తిరిగాను.

తెర మీద ఓడిపోయావని ఇంగ్లీషులో వచ్చింది.  అందరూ నేను మొదలుపెడతానని చూస్తున్నారు. ఏ సాకూ దొరకలేదు. ధర సరిగ్గానే ఉంది. కార్డు వచ్చింది. దించాను. ఇంటర్నెట్ లైను కూడా బాగుంది.

"ఏమన్నా అను వదినా," అంది పాప. "నువ్వట్లుంటే భయమైతాది."

గొంతు సవరించుకున్నాను. "నువ్వు నాకన్నా బాగా ఆడినావు," అన్నాను, స్పీకరుకు కాస్త దూరంగా.

"ఏమంటివి?"

"వినపళ్ళేదంట," అన్నాడు మా ఆయన, మొబైల్ తీసి నా నోటి దగ్గర పెట్టి. "నాగ్గూడా సరిగ్గా వినపళ్ళా. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను.