అంటుకోని తుంపర

ఆ రోజుల్లో నా లోకం చాలా చిన్నది. కోదాడ దాటాక మేళ్లచెరువు రోడ్డులో ఒక రేకుల షెడ్డు, అందులో ఇంధనం చిమ్మే గొట్టం, నిప్పురవ్వ పుట్టించే యంత్రం, ఒక కెమెరా, గుమ్మం దగ్గర వాచ్‌మన్ మామ, లోపల నేను. పలకరించేవాళ్లు లేక కెమెరానే "రెడీనా?" అని అడిగేవాణ్ణి. (అది ఎప్పుడూ రెడీయే.)

విమాన ఇంధనం గిన్నెలో ఉన్నప్పుడు అంత తొందరగా అంటుకోదు. ప్రమాదంలో ట్యాంకు పగిలి తుంపరగా లేస్తే మాత్రం భగ్గుమంటుంది. ఆ తుంపర కూడా అంటుకోకుండా ఇంధనంలో ఒక మందు కలిపి, నిప్పురవ్వ తగిలించి చూడటం నా ఉద్యోగం. మందు పాళ్లు మార్చేకొద్దీ మంట చిన్నదవుతూ వచ్చింది. నాకు సంతోషం, మామకు దిగులు. "మొదట్ల మస్తు మండేది సారూ, ఇప్పుడు మీ చెయ్యి తప్పుతున్నది" అనేవాడు. ఇంజన్లో మండాలి, బయట లేచిన తుంపర మాత్రం అంటుకోకూడదని ఎన్ని రకాలుగా చెప్పినా, "అంటుకోని నూనెతోని ఇమానం ఎట్ల నడుస్తది?" అని నన్ను జాలిగా చూసేవాడు.

చివరికి హైదరాబాదు నుంచి పెద్దసారు ఫోన్ చేసి, ఈసారీ మంట లేస్తే షెడ్డు మూసేస్తామని, నన్ను వేరే ఉద్యోగం చూసుకోమని చెప్పారు.

మర్నాడు తుంపర తెల్లగా లేచింది. నిప్పురవ్వ టిక్కుమంది. అంతే, ఇంకేమీ జరగలేదు. ఎగిరి గంతేశాను. పెద్దసారుకు ఫోన్ చేస్తే బిజీ. బయటికి వస్తే మామ లేడు. నేను రోజూ తినే మెస్సుకు నాకంటే ముందే వెళ్లి వార్త చేరవేశాడు.

"ఏమాయె తమ్మీ, అస్సలే అంటుకోలేదంట గదా?" అంది మెస్సు అక్క.

"అవునక్కా, అస్సలు అంటుకోలేదు!" అన్నాను. నవ్వుతున్నాననే అనుకున్నాను కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, ఏడ్వకు. నౌకరి పోతే పోనియ్యి, మంచిగ తిను ముందుగాల." అడగకుండానే ఆమ్లెట్ వేసింది. నేను లేచేటప్పుడు కొత్త అగ్గిపెట్టె ఒకటి జేబులో పెట్టింది. "రేపు దీంతోని అంటియ్యి. కరెంటు మిషన్లను నమ్మొద్దు."

నెగ్గానని చెప్పబోయి ఆగిపోయాను. ఆ ఊళ్లో నా కోసం ఒక మనిషి ఇంతగా బాధపడటం అదే మొదటిసారి. పెద్దసారు సాయంత్రానికి ఫోన్‌లో పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి పంపారు.

ఇప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ఊక ధూళి ఎక్కడ అంటుకుంటుందో చూసే పని నాది. చుట్టూ బోలెడు మంది. అయినా కెమెరాతో మాట్లాడిన అప్పటి ఆ పిల్లవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, ఒక్కణ్ణే నవ్వుకుంటాను. అగ్గిపెట్టె నా దగ్గరే ఉంది. ఒక్క పుల్లా గీయలేదు. నలభై ఏడున్నాయి.